మా తోడల్లుడి జర్మనీ రేడియో

మా తోడల్లుడు జర్మనీ నుంచి పాత రేడియో తెప్పించుకుంటున్నాడని తెలిసిన రోజు నేను మధ్యాహ్నం విస్తరి ముందు నుంచి లేచిపోయాను. కడుపులో గ్యాస్ పట్టేసిందని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ వాములో ఉప్పు కలిపి తెచ్చి ఇచ్చింది. వరండాలో కూర్చుని నమిలాను. వాముకి తగ్గే జబ్బు కాదది. నాకు పట్టింది అసూయ.

మాది నిడదవోలు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పాత రేడియోలు పోగెయ్యడం నా పిచ్చి. రాజమండ్రిలో పాతసామాన్ల కొట్లు తిరిగి, చెదలు తిన్నవీ ఎలకలు కాపురం పెట్టినవీ తెచ్చి, విప్పి, తుడిచి, బాగుచేసి పలికిస్తాను. అలా పదకొండు పోగయ్యాయి. మా అత్తగారి ఊరు సామర్లకోట. ఆవిడకి ఇద్దరే ఆడపిల్లలు. పెద్దల్లుణ్ణి నేను. చిన్నల్లుడు మండపేటలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. తోడల్లుళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. అత్తగారింట్లో పక్కవాడి కంచంలో ఎన్ని ముక్కలు పడ్డాయో చూసుకోకుండా ముద్ద దిగదు. అతనికి నాకంటే జీతం తక్కువే గాని సొంత ఇల్లుంది. గొంతుంది. చర్చిలో అతను పాట ఎత్తుకుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా తలలెత్తుతారు. నేను పాడితే మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఇన్ని ఉన్నా ఒక్క రేడియోల విషయంలో మాత్రం నేనే పెద్ద. ఆ ఒక్కటీ నాదనుకుని బతికాను.

అతనికి ఆ పిచ్చి అంటించింది కూడా నేనే. పెళ్ళయిన కొత్తలో నా దగ్గరున్న చిన్న ట్రాన్సిస్టరొకటి అతనికిచ్చాను. అప్పటి నుంచీ మా ఇంటికొస్తే నా బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. వాల్వు అంటే ఏంటండి, కండెన్సరు పోతే ఎలా తెలుస్తుందండి అని అడిగేవాడు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుండేవాడు. నాకు భలే హాయిగా ఉండేది. క్లాసులో నలభై మందికి చెబితే రాని తృప్తి ఆ ఒక్కడికి చెబితే వచ్చేది.

ఇప్పుడు అసలు రేడియో సంగతి చెప్పాలి. జర్మనీలో పెద్దాయనొకడు పాత రేడియోలు బాగుచేసి అమ్మకానికి సైట్లో పెడుతుంటాడు. అందులో చెక్క పెట్టెతో, పియానో మెట్లలాంటి తెల్ల బటన్లతో ఒక వాల్వు రేడియో ఉంది. ముందు గాజు డయలు మీద నేను ఎన్నడూ చూడని ఊళ్ళ పేర్లు బంగారు రంగులో వరసగా రాసి ఉంటాయి. డయలు పైన రూపాయి బిళ్ళంత గాజు కన్ను. స్టేషను సరిగ్గా కుదిరేసరికి ఆ కంట్లో పచ్చటి వెలుగు రెక్కలు రెండూ దగ్గరికొచ్చి కలుసుకుంటాయి. ఆ రేడియో ఫోటోలు మూడేళ్ళ పాటు చూశాను. పొద్దున్న కాఫీ తాగుతూ అది ఇంకా ఉందా, ఎవరైనా ఎగరేసుకుపోయారా అని చూసుకోవడం నాకు అలవాటు. ఉంటే ఆ రోజు బాగా గడిచేది.

మరి కొనలేదేం అంటే, భయం. పరాయి దేశంవాడికి ముందు డబ్బు కట్టాలి. వస్తువు నెలకో రెండు నెలలకో వస్తుంది. దారిలో పగిలితే ఎవణ్ణి పట్టుకుంటాం? అందుకని ముందు అంతా తెలుసుకుందామని ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టాను. విదేశాల నుంచి వస్తువులు తెప్పించుకున్నవాళ్ళు రాసుకున్నవన్నీ వెతికి వెతికి అందులో ఎక్కించాను. డబ్బు సైటు ద్వారానే కట్టాలి, సెల్లరు ఖాతాకి నేరుగా పంపకూడదు. కార్డు మీద విదేశీ చెల్లింపులు ముందుగా తెరిచి పెట్టుకోవాలి, పనయ్యాక మూసెయ్యాలి. కస్టమ్స్ సుంకం తగ్గుతుందని గిఫ్టు అనిగాని, తక్కువ విలువ అనిగాని రాయించకూడదు, రాయిస్తే బీమా కూడా అంతే వస్తుంది. వాల్వులు ఊడదీసి విడిగా చుట్టమనాలి. పార్సిలు అందిన ఏడు రోజుల్లోగా విప్పి, పెట్టెకీ వస్తువుకీ ఫోటోలు తీసి, దెబ్బ తగిలితే చెప్పాలి, ఆ తర్వాత చెబితే బీమా చెల్లదు. ఈ ఆఖరిదాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టాను. ఒడ్డున కూర్చుని ఈత మీద పుస్తకం రాసినవాణ్ణి నేను. నీళ్ళలో కాలు పెట్టలేదు.

ఆ రేడియోని మా తోడల్లుడికి చూపించింది కూడా నేనే. నా ఫోన్లో ఫోటోలు ఒక్కోటీ జరిపి, ఆ కన్ను గురించి గంటసేపు చెప్పాను. అతను కళ్ళప్పగించి విన్నాడు. నోటుబుక్కు ఒకసారి ఇస్తే చదివి ఇస్తానన్నాడు. రెండు రోజులుంచుకుని తిరిగిచ్చాడు. ఆ తర్వాత నెల తిరక్కుండా ఫోను చేసి, “అన్నయ్యగారూ, మీరు చూపించిన రేడియో తీసుకుందామనుకుంటున్నానండి. పంటల సీజన్లో ఓనరుగారు బోనసిచ్చారు. మీరేమంటారు?” అన్నాడు.

నేనేమంటాను? నేను మూడేళ్ళు కాపలా కాసినదాన్ని అతను మూడు వారాల్లో పట్టుకుపోతున్నాడు. మంచిది, తీసుకో అన్నాను. నవ్వాను కూడా. ఆ మధ్యాహ్నమే వాము తిన్నాను.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఇక అక్కణ్ణుంచి రోజూ ఫోనే. కార్డులో విదేశీ చెల్లింపు ఎక్కడ తెరవాలండి? పెద్దాయన ఓడలో పంపమంటారా, విమానంలోనా అని అడుగుతున్నాడు, ఏం చెప్పమంటారు? బీమా వేరే కట్టాలా? కస్టమ్స్ వాళ్ళు ఆధార్ కాపీ అడిగారు, పంపొచ్చాండి? అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి కదా, చూసుకోకూడదా అని ఒకసారి విసుక్కున్నాను. చూశానండి, అయినా మీ నోటితో ఓ మాటంటే ధైర్యం అన్నాడు. పళ్ళు నూరుకుంటూనే అన్నీ సరిగ్గా చెప్పాను. పూర్తి విలువ రాయించాను. పూర్తి బీమా కట్టించాను. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. అప్పటిదాకా నేను మంచివాణ్ణే. కడుపులో కుంపటి ఉన్నా చేతులు కాల్చుకోలేదు.

పార్సిలు ఒక మంగళవారం మండపేట చేరింది. ఆ సంగతి మా మరదలు ఫోన్లో మా ఆవిడకి చెబితే, మా ఆవిడ నాకు చెప్పింది. ఇంకా విప్పలేదట. అయ్యగారు వచ్చి ప్రార్థన చెయ్యాలట.

వాళ్ళింట్లో అదొక పట్టుదల. మా క్రైస్తవ కుటుంబాల్లో కొత్త ఇంటికీ కొత్త బండికీ పాస్టరుగారిని, అంటే మా అయ్యగారిని, పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం మామూలే. మా మరదలు అక్కడితో ఆగదు. ఒకసారి కొత్త మిక్సీ ప్రార్థన లేకుండా వాడేసిందట. రెండో రోజే కాలిపోయిందట. అప్పటి నుంచీ ఆ గుమ్మంలోకి ఏ కొత్త వస్తువొచ్చినా అయ్యగారి చేతుల మీదుగా తెరవాల్సిందే. ఆయనకేమో నాలుగూళ్ళ సంఘాలు, పైగా పెళ్ళిళ్ళ రోజులు. రెండు శనివారాల తర్వాత గాని కుదరదన్నారు.

మా ఆవిడ ఇది చెబుతుంటే నా మనసులో ఎర్ర గీతలు రెండూ కనిపించాయి. మంగళవారం నుంచి ఏడు రోజులు. రెండు శనివారాలంటే ఎప్పుడో దాటిపోతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. సాయంత్రం చేద్దాంలే అనుకుని పెట్టేశాను. ఆ సాయంత్రం చెయ్యలేదు. మర్నాడు కూడా చెయ్యలేదు. ఏం, అన్నీ నేనే చెప్పాలా, ఈ ఒక్కటీ అతనే చూసుకోలేడా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది బాగానే వచ్చి ఉంటుందిలే అని కూడా అనుకున్నాను. నిజం చెప్పాలంటే బాగా రావాలని కోరుకోలేదు.

ఆ ఆదివారం వాళ్ళు మమ్మల్ని భోజనానికి పిలిచారు. పార్సిలు వచ్చి అది ఆరో రోజు. ముందుగదిలో టీవీ పక్కన పెద్ద అట్టపెట్టె, దాని మీద తెల్ల దుప్పటి, దుప్పటి మీద బైబిలు. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. మా తోడల్లుడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దుప్పటి తొలగించాడు. జర్మనీ స్టాంపులు, కస్టమ్స్ వాళ్ళ చీటీలు, పెద్దాయన స్వయంగా రాసిన అడ్రసు. వెనక కింది మూల నలిగి లోపలికి పోయింది. ఎవరో బరువైనదేదో దాని మీద దించినట్టుంది.

అతను వంగి ఆ మూల చూపించాడు. మా మరదలు వంటగది గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడి వింటోంది.

“అన్నయ్యగారూ, ఇది చూస్తే కాస్త భయంగా ఉందండి. అయ్యగారొచ్చేదాకా ఉంచితే పర్లేదంటారా?”

నేను ఆ మూల మీద చెయ్యి వేశాను. అట్ట మెత్తగా లోపలికి దిగింది. దాని వెనక గట్టిగా తగలాల్సిన చెక్క తగల్లేదు. చెయ్యి తీసేశాను.

“పర్లేదు. పైన అట్టే కదా” అన్నాను.

అంతే. నాలుగు మాటలు. భోజనానికి కూర్చున్నాం. పులస కాలం కాదు గాని కొరమీను పులుసు పెట్టారు. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఆ పూట నాకు గ్యాస్ పట్టలేదు.

కూడిక రోజు ఇల్లంతా బంధువులు. సామర్లకోట నుంచి అత్తయ్యగారు వచ్చారు. మిల్లు ఓనరుగారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మా తోడల్లుడు పాటెత్తుకున్నాడు. అయ్యగారు వాక్యం చెప్పారు. దేవుడు దూరదేశం నుంచి ఈ వస్తువును క్షేమంగా ఈ ఇంటికి చేర్చాడన్నారు. ఆ ‘క్షేమంగా’ అన్న మాటకి నేను పెట్టె వెనక మూలవైపు చూశాను. తర్వాత ఆయన నావైపు తిరిగి, ఈ రేడియోల విషయంలో అందరికీ గురువు మీరే కదా మాస్టారూ, విప్పే ముందు ప్రార్థన మీరు చెయ్యండి అన్నారు.

లేచాను. మా బంధువుల్లో నా ప్రార్థనకి పేరుంది, పొడుగుకి. పిల్లలు నిద్రపోతారని మా ఆవిడ దెప్పుతుంది. ఆ రోజు ప్రభువా, ఈ కుటుంబాన్ని దీవించు, ఈ పెట్టెను దీవించు, ఆమెన్ అని కూర్చున్నాను. జనం ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. ఒకరిద్దరు ఒక కన్ను తెరిచి చూశారు.

పెట్టె విప్పారు. పెద్దాయన మూడు పొరల్లో చుట్టాడు, ఆయన తప్పేం లేదు. దెబ్బ ఆ పొరల్నీ దాటింది. చెక్క మూల చీలింది. గాజు డయలు నిలువునా రెండు ముక్కలైంది. రేడియోకే బిగించి ఉంచేసిన ఆ కన్ను పొడి పొడి అయ్యి అట్ట అడుగున రాలింది. మా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్తయ్యగారు, దిష్టి మీద నమ్మకం లేదని ఎప్పుడూ చెప్పే మనిషి, ఎవరి కన్ను పడిందో అని గొణిగారు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

బీమా రాలేదు. పార్సిలు అందిన రోజూ ఫిర్యాదు చేసిన రోజూ కాగితం మీద ఉన్నాయి, గడువు దాటిపోయింది. జర్మనీ పెద్దాయన చాలా బాధపడుతూ జవాబు రాశాడు. ఒక్క వారం ముందు చెప్పి ఉంటే మొత్తం ఇప్పించేవాణ్ణి అన్నాడు. మా తోడల్లుడి ఏడాది బోనసు అలా అట్టపెట్టెలో పోయింది.

నెల తర్వాత అతను ఆ రేడియోని ఆటోలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఒక ఫైలు కూడా తెచ్చాడు. మీరైతే దీన్ని పలికించగలరు, లేకపోయినా మీ దగ్గరే ఉంచండి, నాకు చూస్తే దిగులుగా ఉంది అన్నాడు. మూడేళ్ళు కోరుకున్న రేడియో నా బల్ల మీదకి దానంతటదే వచ్చి కూర్చుంది. అతను టీ తాగుతుంటే ఫైలు తిరగేశాను. చెల్లింపు రసీదు, బీమా కాగితం, సుంకం చీటీ. వాటి వెనక నా నోటుబుక్కు పేజీలు, జిరాక్సులు. ఎర్ర గీతలు నల్లగా వచ్చాయి.

అతను నేను చూస్తున్న పేజీ చూశాడు.

“గడువు సంగతి నాకూ తెలుసండి. మా ఆవిడ ఒప్పుకోలేదు. బావగారిని అడగండి, ఆయన విప్పమంటే అయ్యగారితో నేను చెప్పుకుంటాను అంది. అందుకే ఆ ఆదివారం మిమ్మల్ని పిలిచాం.”

“మర్చిపోయాను” అన్నాను.

“పోన్లెండి. అన్నీ గుర్తుంటాయా” అని కప్పు కింద పెట్టాడు.

అతను వెళ్ళాక ఫైలు మూసేశాను. నాకు అతని మీద కోపం వచ్చింది. నా పుస్తకం కంటే నా నోటిని ఎక్కువ నమ్మినందుకు.

బాగుచెయ్యడానికి మూడు నెలలు పట్టింది. చెక్క మూల మా వీధి వడ్రంగి చేత అతికించి మెరుగు పెట్టించాను. డయలు ముక్కలు రెండూ జిగురుతో కలిపాను, గీత మిగిలిపోయింది. కన్ను వాల్వు మన దేశంలో దొరకలేదు. ఎక్కడో హంగరీలో ఒకాయన దగ్గరుందని తేలింది. నా జీవితంలో మొదటిసారి పరాయి దేశానికి డబ్బు కట్టాను. బటను నొక్కే ముందు అంకెలు మూడుసార్లు సరిచూసుకున్నాను. అంత పెద్ద మొత్తానికి అతను ఎలా నొక్కాడో అనిపించింది. చిన్న పార్సిలు వచ్చిన రోజు పోస్ట్‌మాన్ ఎదురుగానే గుమ్మంలో విప్పి ఫోటోలు తీశాను. ప్రార్థన చెయ్యకుండా విప్పేశారేంటండీ అంది మా ఆవిడ. ఇంకో ఫోటో తీశాను.

వాల్వు బిగించి స్విచ్చి నొక్కాను. ఒక నిమిషానికి కన్ను వెలిగింది. పచ్చటి రెక్కలు కదిలాయి. ఎదురుచూసినంత సంతోషం రాలేదు. నాలుగు రోజులు బల్ల మీద ఉంచుకున్నాను. ఉంచుకోమని అతనే అన్నాడు కదా అని ప్రతి పొద్దునా అనుకున్నాను. ఐదో రోజు దుప్పటిలో చుట్టి, కారు మాట్లాడుకుని మండపేట తీసుకెళ్ళాను.

వాళ్ళ ముందుగదిలో అదే చోట పెట్టాను. మా మరదలు టీ కలపడానికి వెళ్ళింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు.

“ఆ రోజు నేను మర్చిపోలేదు. తెలిసే పర్లేదన్నాను” అన్నాను.

అతను ప్లగ్గు పెడుతున్నాడు. పెట్టడం పూర్తి చేసి గాని తిరగలేదు.

“తెలుసండి. మీరు ప్రార్థన చేసినప్పుడే తెలిసింది. పావుగంట చేసే మనిషి రెండు ముక్కల్లో ఆమెన్ అనేశారు.”

“మరి తెలిసీ నాకెందుకిచ్చావు?”

“దాన్ని ముందు చూసుకున్నది మీరు కదండి. కొనే ముందే నేను అడగాల్సింది, మీకు కావాలా అని. మీరేమంటారు అనడిగాను గాని, మీకు కావాలా అనడగలేదు. అది నా తప్పు.”

అతని ఇంటి మీద ఏడ్చాను, గొంతు మీద ఏడ్చాను, రేడియో మీద ఏడ్చాను. ఇప్పుడు ఈ మాట విని మళ్ళీ కళ్ళు కుట్టాయి. అతని స్థానంలో నేనుంటే ఈ మాట అనగలిగేవాణ్ణి కాదు. అది నాకు ఖాయంగా తెలుసు. అందుకే అన్నిటికంటే ఎక్కువగా కుట్టాయి.

స్టేషను మీరే పెట్టండి అని పక్కకి జరిగాడు. బిరడా తిప్పాను. విజయవాడ తగిలింది. రెక్కలు దగ్గరికొచ్చి కలుసుకున్నాయి. ముల్లు సరిగ్గా డయలు మీద అతికించిన గీత పక్కన ఆగింది. అతను వంగి ఆ గీత మీద వేలితో రాసి చూశాడు.

“దూరం నుంచి చూస్తే కనిపించదు. పర్లేదంటారా అన్నయ్యగారూ?”

“కనిపిస్తుంది” అన్నాను.

“ఉండనివ్వండి” అన్నాడు.